రంగుల మొక్కజొన్న: గింజ నాటడం నుంచి గుమ్మానికి కట్టడం దాకా

ఎండిన మొక్కజొన్న పొత్తు మీద గరగరలాడే పొరను పట్టి కిందికి లాగేదాకా, లోపల ఏ రంగులున్నాయో నాటినవాళ్లకు కూడా తెలియదు. ఊదా గింజ పక్కన తేనెరంగు గింజ, దాని పక్కన పాలతెలుపు మీద ఎర్రచారల గింజ, అన్నీ ఒకే పొత్తులో. పక్క మొక్కది ఒలిచి చూస్తే అందులో మళ్లీ వేరే రంగులు. ఆ ఒలిచే క్షణం కోసం నాలుగు నెలలు ఓపిక పట్టడం ఎంతమాత్రం దండగ కాదు.

ఈ పంటలో చాలామంది నిరాశపడేది నాటడం దగ్గరో ఎరువు దగ్గరో కాదు. రెండే రెండు చోట్ల దెబ్బతింటారు. ఒకటి పీచు వచ్చిన వారం, రెండోది పొత్తు ఎండాల్సిన రోజులు. మొదటిదాన్ని పట్టించుకోకపోతే పళ్లూడిన నోరులా పొత్తు నిండా ఖాళీలు. రెండోదాంట్లో తొందరపడితే బూజు. మిగతా పనంతా మామూలు మొక్కజొన్న పెంచినట్టే. అందుకే ఈ రెండింటి గురించి వివరంగా చెప్తాను, మిగతావి కావలసినంత వరకే.

ముందుగా రంగుల సంగతి

ఇది తెలుసుకుంటే రకం ఎంచుకోవడం దగ్గర నుంచి విత్తనం దాచుకోవడం దాకా అన్నీ తేలికవుతాయి.

గింజ పైనుండే తొక్క పూర్తిగా తల్లి మొక్కది. రంగు ఆ తొక్కలోనే ఉంటే పొత్తులోని గింజలన్నీ ఒకే రంగులో వస్తాయి. ముదురు ఎరుపు రకాలు చాలావరకు ఇలాంటివే. తొక్క కింద ఒకే ఒక్క కణం మందంలో ఇంకో పొర ఉంటుంది, దాన్ని అల్యూరోన్ అంటారు. నీలం, ఊదా రంగులు ఎక్కువగా అక్కడివి. దాని లోపల పిండి, అది పసుపో తెలుపో. ఈ లోపలి రెండూ తల్లీ తండ్రీ కలిస్తే ఏర్పడేవి. పొత్తులో ఒక్కో గింజకు పుప్పొడి ఒక్కో మొక్క నుంచి రావచ్చు కాబట్టి పక్కపక్క గింజలకు కూడా పోలిక ఉండదు.

ఇక చుక్కలు, చారలు ఉన్న గింజలది ఇంకా గొప్ప కథ. బార్బరా మెక్‌క్లింటాక్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి ఇలాంటి మచ్చల గింజల్నే పరిశీలించి, జన్యువుల్లో కొన్ని ముక్కలు ఒకచోటి నుంచి మరోచోటికి గెంతుతాయని కనిపెట్టారు. ఆ పనికే 1983లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. గింజ పెరుగుతున్నప్పుడు, రంగును ఆపిన ముక్క ఏదైనా కణంలో పక్కకు గెంతితే అక్కడ రంగు తిరిగి మొదలవుతుంది. మనకు కనిపించే చుక్క అదే.

దీనివల్ల తోటలో గుర్తుంచుకోవాల్సిన విషయం ఒకటుంది. చాలా పంటల్లో పక్క మొక్క పుప్పొడి ప్రభావం వచ్చే తరంలో గానీ కనిపించదు. మొక్కజొన్నలో ఈ ఏడాదే, ఈ పొత్తులోనే కనిపిస్తుంది. దగ్గర్లో స్వీట్ కార్న్ ఉంటే, రంగుల మొక్కజొన్న పుప్పొడి పడ్డ ప్రతి గింజా తీపి పోయి పిండిగా, గట్టిగా తయారవుతుంది. రెండూ పెంచాలంటే కనీసం 75 మీటర్ల దూరమైనా ఉండాలి, లేదా పూత సమయాలు కలవకుండా రెండు మూడు వారాలు వెనకాముందూ విత్తుకోవాలి. చిన్న పెరట్లో ఈ రెండోదే కుదురుతుంది.

రకం ఎంచుకోవడం

రంగుల రకాల్లో ఎక్కువ భాగం గట్టిగింజ మొక్కజొన్నలే. లేతగా ఉడకబెట్టుకుని తినడానికి ఇవి అంత బాగుండవు. ఎండబెట్టి అలంకరణకో, పేలాలకో, పిండికో వాడుకోవాలి.

అందరూ మొదట అడిగేది గ్లాస్ జెమ్. పేరుకు తగ్గట్టే గాజుపూసల్లా మెరుస్తుంది. అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రానికి చెందిన కార్ల్ బార్న్స్ అనే రైతు, చెరోకీ అనే అమెరికా ఆదివాసీ తెగకు చెందిన తన పూర్వీకుల మొక్కజొన్నలను వెతుకుతూ, నచ్చిన పొత్తుల గింజలనే ఏటా ఎంచి నాటుతూ దీన్ని తయారు చేశారు. ఆయన దగ్గర గింజలు అందుకున్న గ్రెగ్ షోన్ వాటిని పెంచి, తీసిన ఫోటో 2012లో ఇంటర్నెట్‌లో ప్రపంచమంతా తిరిగింది. ఇది పేలాల రకం. పొత్తు ఎండడానికి 110 నుంచి 120 రోజులు పడుతుంది, కాబట్టి చలో వానలో ముంచుకొచ్చేలోపు అన్ని రోజులు ఉన్నాయో లేదో లెక్క చూసుకోండి.

చోటు తక్కువైతే నా ఓటు స్ట్రాబెర్రీ పాప్‌కార్న్‌కే. మొక్క నాలుగైదు అడుగులు మించదు, పొత్తు రెండు మూడు అంగుళాలే, ముదురు ఎరుపులో అచ్చం స్ట్రాబెర్రీ పండులా ఉంటుంది. పెద్ద టబ్బుల్లోనూ వస్తుంది. బ్లడీ బుచర్ దీనికి పూర్తిగా వ్యతిరేకం, పది అడుగులు దాటి పెరుగుతుంది, రక్తవర్ణంలో పెద్ద పొత్తులు, మంచి పిండి. వేసవి పొట్టిగా ఉండే చల్లటి ప్రాంతాలవాళ్లకు పెయింటెడ్ మౌంటెన్ నయం, దాదాపు 90 రోజుల్లో అందుకుంటుంది. గింజ కాదు, మొక్కే అందంగా ఉండాలనుకుంటే జపోనికా అని ఒకటుంది. దాని ఆకుల మీద ఆకుపచ్చ, తెలుపు, పసుపు, గులాబీ రంగు చారలు పొడవునా సాగుతాయి. పూలమొక్కల వెనక వరుసలో నిలబెడితే చూపు తిప్పుకోలేం.

మొదటి ఏడాది ఒక్క రకమే వేయండి. రెండు మూడు రకాలు కలిపి వేస్తే రంగులు బాగానే కలుస్తాయి గానీ, ఏ రకం మీ నేలకు సరిపోయిందో తెలియదు, దాచుకున్న విత్తనం కూడా ఏ రకానిదీ కాకుండా పోతుంది.

చోటు, నేల

రోజుకు కనీసం ఆరు గంటలు, వీలైతే ఎనిమిది గంటలు నేరుగా ఎండ పడాలి. ఎత్తు పెరిగే పంట కాబట్టి దీని నీడ కూరమొక్కల మీద పడని వైపు చూసుకోండి. గాలి విసురుగా కొట్టే మూల వద్దు.

మొక్కజొన్న తిండి ఎక్కువ తినే మొక్క. విత్తడానికి రెండు వారాల ముందు మట్టిని జానెడు లోతు గుల్లచేసి, రెండు మూడు అంగుళాల మందాన బాగా చివికిన పశువుల ఎరువో కంపోస్టో పరిచి కలపండి. పచ్చి పేడ వేయొద్దు. నేల ఉదజని సూచిక (పీహెచ్) 6 నుంచి 6.8 మధ్య ఉంటే మేలు. నీళ్లు నిలిచే నేల అయితే ఎత్తు మడి కట్టుకోవాల్సిందే.

ఇప్పుడు అసలు మాట. వరుసగా నాటకండి, మడిగా నాటండి. నేను మొదటిసారి చేసిన తప్పు ఇదే. ప్రహరీ వెంబడి ఖాళీ ఉంది కదా అని పన్నెండు మొక్కలు ఒకే బారున వేశాను. మొక్కలు దిట్టంగా పెరిగాయి, పొత్తులూ వచ్చాయి. ఒలిచి చూస్తే ఒక్కో పొత్తులో మూడో వంతు కూడా గింజ కట్టలేదు. పుప్పొడి గాలికి కొట్టుకుపోయింది, పక్క మొక్క పీచు మీద పడలేదు. అదే పన్నెండు మొక్కల్ని మూడు వరుసల్లో నాలుగేసి చొప్పున వేసి ఉంటే ఫలితం వేరుగా ఉండేది. నాలుగు వరుసల్లో నాలుగేసి, అంటే పదహారు మొక్కలు, కనీసమని పెట్టుకోండి. చోటుంటే ఇంకా ఎక్కువ వేయండి.

విత్తడం

నేల వెచ్చబడాలి. మట్టి ఉష్ణోగ్రత 16 డిగ్రీల సెల్సియస్ దాటాక విత్తితే వారం పది రోజుల్లో మొలకలు కనిపిస్తాయి, వేడిగా ఉంటే నాలుగైదు రోజులే. చల్లటి తడి నేలలో గింజ కుళ్లిపోతుంది. వేడి విపరీతంగా ఉండే చోట లెక్క ఇంకోలా వేసుకోవాలి. పూత సమయంలో ఎండ 38 డిగ్రీలు దాటితే పుప్పొడి చచ్చిపోయి గింజ కట్టదు. విత్తిన రెండు నెలలకు కాస్త అటూఇటూగా పూత వస్తుంది కాబట్టి, ఆ రోజులు మండుటెండల్లో పడకుండా వెనక్కి లెక్కపెట్టుకుని విత్తండి.

గింజల్ని రాత్రంతా నీళ్లలో నానబెడితే కొంచెం ముందు మొలుస్తాయి, తప్పనిసరి కాదు. అంగుళం నుంచి అంగుళంన్నర లోతులో, గుంటకు రెండు గింజలు వేయండి. మొక్కకీ మొక్కకీ మధ్య 25 నుంచి 30 సెంటీమీటర్లు, వరుసకీ వరుసకీ మధ్య రెండున్నర అడుగులు. పొట్టి రకాలకు వరుసల మధ్య రెండడుగులు చాలు. రెండూ మొలిస్తే, నాలుగు ఆకులు వచ్చాక బలహీనమైనదాన్ని నేలమట్టానికి కత్తిరించండి. పీకితే పక్కదాని వేర్లు కదులుతాయి.

విత్తనం మీద గులాబీ రంగో ఆకుపచ్చో మందు పూత ఉంటే చేతి తొడుగులతో ముట్టుకోండి. ఆ మిగిలిన గింజల్ని తినడానికీ, పక్షులకు వేయడానికీ వాడకూడదు.

మొలకలు బెత్తెడు ఎత్తు దాటేదాకా పక్షుల బెడద ఉంటుంది. తీగ ఊచలు వంచి పైన వల కప్పితే సరిపోతుంది. ఒకవేళ కొసలు కొరికేసినా కంగారుపడి మళ్లీ విత్తేయకండి. ఐదారు ఆకులు వచ్చేదాకా మొక్క ఎదిగే మొన నేల లోపలే ఉంటుంది, కాబట్టి చాలావరకు తిరిగి లేస్తుంది.

టబ్బుల్లో పెంచేవాళ్లు కనీసం అడుగు లోతు, రెండడుగుల వెడల్పు ఉన్న గ్రో బ్యాగులు తీసుకుని ఒక్కోదాంట్లో ఐదు పొట్టిరకం మొక్కలు వేసుకోవచ్చు. మూడు నాలుగు బ్యాగులు ఒకదానికొకటి ఆనించి పెట్టండి. చేత్తో పుప్పొడి అద్దడం మాత్రం మీకు తప్పదు.

మోకాలెత్తు నుంచి పూత దాకా

మొక్కలు మోకాలెత్తు వచ్చినప్పుడు నత్రజని ఎరువు పైపాటుగా వేయాలి. మొదలుకు నాలుగు అంగుళాల దూరంలో చుట్టూ చల్లి, మట్టి కప్పి నీళ్లు పెట్టండి. మళ్లీ పూత బయటికి వచ్చే ముందు ఇంకోసారి. సేంద్రియ పద్ధతిలో అయితే వర్మికంపోస్టు మొక్కకు రెండు గుప్పెళ్లు వేసి, పలచటి పేడనీళ్లో చేపల ఎరువో పోయవచ్చు. ఏది వాడినా కింది ఆకులు ఏం చెబుతున్నాయో చూడండి. ఆకు కొస నుంచి మధ్య ఈనె వెంబడి పసుపు లోపలికి పాకుతుంటే నత్రజని చాలలేదు. అంచులు మాత్రమే మాడినట్టుంటే పొటాష్ లోపం. లేత మొక్క ఆకులు ఊదాగా మారితే మామూలు మొక్కజొన్నలో భాస్వరం లోపమనో, చలి అనో అంటాం. కానీ రంగుల రకాల్లో కాండం, ఆకుతొడిమలు పుట్టుకతోనే ఎర్రగా ఊదాగా ఉండడం మామూలే. మొక్క చురుగ్గా పెరుగుతుంటే దాని జోలికి పోకండి.

పైపాటు ఎరువు వేసినప్పుడే మొదళ్లకు బెత్తెడు ఎత్తున మట్టి ఎగదోయండి. కింది కణుపుల నుంచి దిగే ఊతవేర్లు ఆ మట్టిని పట్టుకుంటాయి, గాలికి మొక్క ఒరగదు. వేర్లు పైపైనే ఉంటాయి కాబట్టి కలుపు చేత్తో తీయండి, పార లోతుగా దించొద్దు. మొదట్లో పిలకలు వస్తే తెంచాల్సిన పని లేదు.

నీళ్లు వారానికి అంగుళం నుంచి అంగుళంన్నర వాన పడినంత. మధ్యాహ్నం ఆకులు గొట్టాల్లా చుట్టుకుని సాయంత్రానికి విచ్చుకుంటే ఫర్వాలేదు. పొద్దున్నే చుట్టుకుని కనిపిస్తే మాత్రం ఆ పూటే తడి ఇవ్వండి. పీచు వచ్చే రోజుల్లో ఒక్క తడి తప్పినా ఆ నష్టం తర్వాత పూడదు.

పీచు వారం

ఈ వారం ఊరికి వెళ్లే పని ఉంటే వాయిదా వేసుకోండి, నిజంగానే చెప్తున్నాను.

మొక్క తల మీద కుంచెలా విచ్చుకునేది మగపూత. కాండం మధ్యలో, ఆకు మొదట్లో ఉబ్బిన పొత్తు కొసన వేలాడే పట్టుదారాలు ఆడపూత. ఒక్కో పీచుపోగు లోపల ఒక్కో గింజ స్థానానికి అంటుకుని ఉంటుంది. ఆ పోగు మీద పుప్పొడి రేణువు పడి, మొలిచి, పోగు పొడవునా లోపలికి దిగితేనే ఆ గింజ కడుతుంది. దానికి సుమారు ఒక రోజు పడుతుంది. ఐదు వందల గింజల పొత్తు కావాలంటే ఐదు వందల పోగులకీ పుప్పొడి అందాలి. ఒక్క పోగు తప్పితే ఒక్క ఖాళీ, లెక్క అంత సూటిగా ఉంటుంది. ఇంకో ముచ్చట, పొత్తులో వరుసలు లెక్కపెట్టి చూడండి, ఎప్పుడూ సరిసంఖ్యే వస్తుంది. పూలు జంటలుగా పుట్టడమే కారణం.

సాధారణంగా మగపూత ముందు విచ్చుకుంటుంది, రెండు మూడు రోజుల్లో పీచు బయటికొస్తుంది. మొక్క వారం రోజులపాటు పుప్పొడి రాలుస్తుంది. పొత్తు అడుగున ఉన్న గింజల పీచు ముందు వస్తుంది, కొసన ఉన్నవాటిది చివర. కొసన గింజ కట్టని పొత్తులు ఎక్కువగా కనిపించడానికి ఇదో కారణం.

మడి చిన్నదైతే గాలిని నమ్ముకోకుండా మీరే అద్దండి. పొద్దున మంచు తడి ఆరాక, ఎనిమిది నుంచి పది గంటల మధ్య మంచి సమయం. మగపూత మీది చిన్న చిన్న తిత్తులు విచ్చుకుని వేలాడుతుంటాయి. కింద ఒక నల్లకాగితం పట్టుకుని కొమ్మను వేలితో మెల్లగా తట్టండి. మెత్తటి లేతపసుపు పొడి కాగితం మీద రాలుతుంది. పొడి రాలకుండా తిత్తులే రాలితే ఆ పూత అయిపోయినట్టు. మూడు నాలుగు మొక్కల పొడి కలిపి, కాగితాన్ని మడతలో గాడిలా చేసి, వేరే మొక్కల పీచు మీద చల్లండి, లేదా మెత్తటి బ్రష్‌తో అద్దండి. దగ్గర్నుంచి చూస్తే పీచుపోగుల మీద సన్నటి నూగు, కొంచెం జిగట తెలుస్తాయి, రేణువులు అక్కడే అంటుకుంటాయి. తీసిన పుప్పొడి ఎండవేడికి గంటా రెండు గంటల్లోనే పనికిరాకుండా పోతుంది, కాబట్టి అప్పటికప్పుడు వాడేయాలి. ఇలా నాలుగైదు రోజులు వరసగా చేయండి. అదే మొక్క పుప్పొడి అదే మొక్కకు పడినా గింజ కడుతుంది, కానీ విత్తనానికి అది మంచిది కాదు.

అతికిందో లేదో ఎలా తెలుస్తుంది? పీచు పచ్చగా పొడుగ్గా సాగుతూనే ఉంటే ఇంకా పుప్పొడి కోసం చూస్తోందని అర్థం. అతికినది గోధుమరంగుకు తిరిగి వాడిపోతుంది. నాలుగు రోజులకు ఒక పొత్తును బలిచ్చి జాగ్రత్తగా ఒలిచి, పట్టుకుని విదిలిస్తే, అతికిన గింజల పీచు తనంతట తానే రాలిపోతుంది, అతకనిది అంటుకునే ఉంటుంది.

పురుగుల విషయం క్లుప్తంగా

మొవ్వులో రంపపు పొట్టులాంటి రెట్ట కనిపిస్తే కత్తెర పురుగు లోపలుంది. చిన్న తోటలో రోజూ పొద్దున మొవ్వులు విప్పి చూసి, ఏరి చంపడమే అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. ఎక్కువగా ఉంటే సాయంత్రం పూట బీటీ అనే బ్యాక్టీరియా మందు మొవ్వులోకి పడేలా కొట్టండి. పురుగు చిన్నగా ఉన్నప్పుడే అది పనిచేస్తుంది. పూతమీద పేనుబంక చేరితే నీళ్లు గట్టిగా చిమ్మితే చాలు, అక్షింతల పురుగులు వచ్చి మిగతా పని చూసుకుంటాయి. పుప్పొడి రాలే రోజుల్లో తేనెటీగలు తిరుగుతుంటాయి, అప్పుడు ఏ మందూ కొట్టకండి. పొత్తు మీద బూడిదరంగు గడ్డలు ఉబ్బితే అది కాటుక తెగులు. గడ్డ పగిలి నల్లపొడి రాలకముందే కోసి దూరంగా పారేయండి, కంపోస్టులో వేయొద్దు.

ఎండే రోజులు

స్వీట్ కార్న్ అయితే పీచు వచ్చిన మూడు వారాలకే కోసేస్తాం. ఇది అలా కాదు. పీచు వచ్చాక ఎనిమిది తొమ్మిది వారాలు మొక్క మీదే ఉండాలి. నెల తిరగకముందే ఆత్రంగా ఒలిచి చూసి, గింజలన్నీ తెల్లగా ఉన్నాయని బాధపడేవాళ్లను చూశాను. గింజ పాలు తాగి, ముద్దగా మారాకే రంగు దిగుతుంది. పైగా ఒకసారి పొర విప్పితే లోపలికి నీళ్లు, పురుగులు, పక్షులు అన్నీ దారి చేసుకుంటాయి. ఒలిచి చూడాలన్న కోరికను అణచుకోండి.

పొత్తు పైపొరలు గడ్డిరంగుకు తిరిగి కాగితంలా గరగరలాడాలి. గింజను గోటితో నొక్కితే నొక్కు పడకూడదు. ఒక గింజ ఊడదీసి మొదలు చూస్తే సన్నటి నల్లపొర కనబడుతుంది, దాంతో గింజకు తల్లి నుంచి ఆహారం ఆగిపోయినట్టే. వాతావరణం పొడిగా ఉంటే ఆ తర్వాత కూడా మొక్క మీదే ఇంకో వారం పది రోజులు ఉంచండి. విడవని వాన వచ్చేట్టుంటే మాత్రం నల్లపొర కనిపించగానే కోసేసి ఇంట్లో ఆరబెట్టండి.

కోసేటప్పుడు పొత్తును కిందికి వంచి మెలిపెడితే ఊడొస్తుంది. అలంకరణకైతే పైపొరలు తెంచకుండా వెనక్కి మడవండి, బూజుపట్టిన పొరలూ పీచూ తీసేయండి. ఇప్పుడు చూస్తే గట్టిగానే ఉంది కదా అనిపిస్తుంది, కానీ బెండులో ఇంకా చాలా తేమ ఉంటుంది. నా రెండో పంటలో నలభై పొత్తులు బాగా వచ్చాయి. ఎండాయనుకుని మూతపెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో పేర్చాను. పదిహేను రోజులకు మూత తీస్తే గుప్పుమని ముక్క వాసన, గింజల సందుల్లో బూడిదపచ్చ నూగు. దాదాపు సగం పారేయాల్సి వచ్చింది. అందుకే మూడు నుంచి నాలుగు వారాలు, గాలి ఆడే నీడలో, ఒక్కోటి విడివిడిగా తాడుకు వేలాడదీయండి, లేదా జల్లెడ లాంటి తీగచట్రం మీద పరిచి రోజు విడిచి రోజు తిప్పండి. ఎర్రటి ఎండలో పెడితే రంగులు వెలుస్తాయి.

ఎండిందో లేదో తేల్చుకోవడానికి ఉప్పు పరీక్ష బాగా పనికొస్తుంది. పూర్తిగా పొడిగా ఉన్న గాజు సీసాలో గుప్పెడు గింజలు, రెండు చెంచాల పొడి ఉప్పు వేసి, మూతపెట్టి బాగా ఊపి పావుగంట వదిలేయండి. ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే గింజలో తేమ ఇంకా 15 శాతం పైనే ఉంది. అంటుకోకుండా జారితే నిల్వకు సిద్ధం.

నిల్వ పెట్టే ముందు, బాగా ఎండిన పొత్తుల్ని కవర్లో గట్టిగా మూసి డీప్ ఫ్రీజర్లో వారం ఉంచితే ముక్క పురుగు, దాని గుడ్లు చస్తాయి. బయటికి తీశాక కవరు వెంటనే విప్పకండి. గది వేడికి వచ్చేదాకా ఆగకపోతే గింజల మీద చెమ్మ పడుతుంది.

వాడుకోవడం

ఎండిన పైపొరల్ని పది నిమిషాలు నీళ్లలో ముంచితే మెత్తబడి చెప్పినట్టు వింటాయి. మూడు పొత్తుల పొరలు కలిపి జడలా అల్లి, పురికొసతో బిగించి గుమ్మానికి కడితే అదే పెద్ద అలంకారం. పొడవాటి జడ కావాలంటే రెండు మలుపులకోసారి కొత్త పొత్తు కలుపుతూ పోండి. అల్లాక మళ్లీ రెండు రోజులు ఆరనివ్వాలి. చిన్న పొత్తులు పాతిక ముప్పై ఉంటే తీగతో చేసిన చక్రానికి, కొసలు లోపలికి, పొరలు బయటికి వచ్చేలా చుట్టూ కట్టండి, పొద్దుతిరుగుడు పువ్వులా విచ్చుకుంటుంది. విరిగిన పొత్తుల గింజలు ఒలిచి గాజు గ్లాసులో పోసి మధ్యలో దీపం గ్లాసు నిలబెట్టవచ్చు.

వార్నిష్ వేయాలా అని చాలామందికి సందేహం. నేనైతే వేయను. మెత్తటి గుడ్డతో రుద్దితే గింజకు సహజంగా వచ్చే మెరుపే బాగుంటుంది. వేసిన పొత్తుల్ని మాత్రం ఎప్పటికీ తినడానికి వాడకూడదు, వేరే గుర్తు పెట్టుకోండి. ఆరుబయట కడితే ఉడతలు, ఎలుకలు వదలవు. లోపల పొడిగా, నేరుగా ఎండ తగలని చోట ఉంచితే ఏళ్ల తరబడి ఉంటాయి.

తినడం సంగతికొస్తే, గ్లాస్ జెమ్, స్ట్రాబెర్రీ రకాలు చక్కగా పేలతాయి. గింజలో తేమ 14 శాతానికి కొంచెం అటూఇటూ ఉంటే బాగా విచ్చుకుంటాయి. వారానికోసారి పది గింజలు వేయించి చూడండి. సాగుతూ నములుడు పడితే ఇంకా ఎండాలి. చాలా గింజలు పేలకుండా మిగిలితే మరీ ఎండిపోయాయి. అప్పుడు లీటరు సీసాడు గింజలకు ఒక పెద్ద చెంచా నీళ్లు పోసి, రోజుకు రెండుసార్లు ఊపుతూ మూడు నాలుగు రోజులు ఉంచితే దారికొస్తాయి. చిన్న స్ట్రాబెర్రీ పొత్తునైతే ఒలవకుండానే కాగితపు సంచిలో పెట్టి మైక్రోవేవ్‌లో పెట్టవచ్చు, పొత్తు మీదే పేలతాయి. పిల్లలకు ఆ చప్పుడే పండగ. గింజ ఊదాదైనా ఎర్రదైనా పేలాలు తెల్లగానో లేతపసుపుగానో వస్తాయి, ఆ రంగంతా పైపొరల్లోనే ఉంది కదా.

పిండికి ముదురు ఎరుపు, నీలం రకాలు బాగుంటాయి. గట్టిగింజ కాబట్టి మిక్సీలో కొంచెం కొంచెంగా, మధ్యలో ఆపుతూ వేయండి. మధ్య అమెరికా ప్రజలు వేల ఏళ్లుగా గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, కడిగి రుబ్బుతున్నారు. అలా చేస్తే తొక్క ఊడడమే కాదు, గింజలో పట్టుబడి ఉన్న నియాసిన్ అనే విటమిన్ ఒంటికి అందుతుంది. చేసి చూడాలంటే కిలో గింజలకు పది గ్రాముల ఆహారానికి పనికొచ్చే సున్నం చాలు. గోడలకు వేసే సున్నం వద్దు.

బూజు కనిపించిన పొత్తును కడిగో, వేయించో తినే ప్రయత్నం చేయకండి. కొన్ని బూజులు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తాయి, వంట వేడికి అది పూర్తిగా పోదు. పశువులకూ కోళ్లకూ కూడా వేయొద్దు.

పొత్తులు కోశాక చొప్పను కట్టలుగా కట్టి గేటుకు రెండు వైపులా నిలబెట్టుకోవచ్చు. ఆ తర్వాత ముక్కలు చేసి కంపోస్టులో వేసేయండి. తోటలో అలాగే వదిలేస్తే కాండం తొలుచు పురుగు అందులోనే దాక్కుని వచ్చే పంటకు తయారుగా ఉంటుంది.

వచ్చే ఏటికి విత్తనం

ఈ రకాలు ఎక్కువగా హైబ్రిడ్ కావు, కాబట్టి మీ గింజ మీరే దాచుకోవచ్చు. ఒక్కటే చిక్కు, కొద్ది మొక్కల నుంచే తీస్తూ పోతే మూడు నాలుగు తరాల్లో మొక్కలు గిడసబారతాయి. విత్తనం కోసం వంద మొక్కలు పైనే ఉండాలంటారు, పెరట్లో అది అందరికీ కుదరదు. కుదరనివాళ్లు కనీసం పది పదిహేను వేర్వేరు మొక్కల పొత్తుల నుంచి గింజలు తీసి కలపండి, రెండేళ్లకోసారి అదే రకం పెంచేవాళ్లతో కొన్ని గింజలు మార్చుకోండి.

పొత్తును ఒక్క రంగు చూసే ఎంచకండి. గాలికి ఒరగని మొక్క, కొసదాకా నిండిన పొత్తు, బిగువుగా మూసుకున్న పైపొరలు, ఇవి ముందు. వాటిలో మీకు నచ్చిన రంగులు తర్వాత. కార్ల్ బార్న్స్ చేసింది కూడా ఇలాంటి ఎంపికే, ఏటా ఓపిగ్గా. ఊదా ఎక్కువ కావాలంటే ఊదా ఎక్కువున్న పొత్తుల గింజలే నాటుతూ పోండి, మూడో ఏటికి తేడా మీ కంటికే కనిపిస్తుంది.

ఒలిచేటప్పుడు కొసన, మొదట్లో ఉన్న చిన్న గింజలు వదిలేసి మధ్యవి తీసుకోండి. గాలి చొరని సీసాలో, రకం పేరు, సంవత్సరం రాసి, చల్లటి పొడి చోట పెడితే మూడేళ్లు నిక్షేపంగా మొలుస్తాయి. విత్తే ముందు ఇరవై గింజలు తడిగుడ్డలో చుట్టి వెచ్చటి చోట ఉంచండి. వారంలో పదహారు పైన మొలిస్తే గుంటకు రెండు గింజలు చాలు, పన్నెండే మొలిస్తే మూడు వేయండి.